గదిలో చెమ్మ

చౌడప్ప మనీప్లాంటు ఆకులను ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడుస్తున్నాడు. దుమ్ము కోసం కాదు, ఎక్కడైనా నీటిచుక్క మిగిలిందేమోనని ఆకును వెనక్కి తిప్పి మరీ చూస్తాడు. కుండీలో చిన్న గ్లాసెడు నీళ్లు పోస్తాడు. పళ్లెంలోకి కారిన నాలుగు చుక్కలను కూడా గుడ్డకు పట్టించి, ఆ గుడ్డను తీసుకుపోయి డాబా మీద ఆరేసి వస్తాడు. లోపల ఒక తడిగుడ్డ ఉన్నా ఆయనకు నిద్రపట్టదు.

మనిషి సన్నం. మగ్గం మీదికి వంగి వంగి భుజాలు ముందుకు పడిపోయాయి. మగ్గం వదిలేసి ఏళ్లయినా, కుర్చీలో కూర్చున్నాడంటే కుడికాలు దానంతటదే కిందికీ పైకీ ఆడుతుంది. భార్య వనజమ్మ చూసి నవ్వేది, "ఎన్ని గజాలు నేస్తివి మామా?" అని.

ఇప్పుడు నవ్వడానికి ఆమెకు ఊపిరి చాలదు. మంచం మీద గోడకు చేరగిలబడి కూర్చుని, తీగ కొసను చూస్తూ ఉంది. కిటికీ దగ్గర కుండీగా పెట్టిన పాత పెయింటు డబ్బాలో మొదలైన ఆ తీగ, మేకులకు కట్టిన నూలుపోగులు పట్టుకుని గోడంతా పాకి, వాకిలి పైదాకా వచ్చి ఆగింది. చివర కొత్తాకు ఒకటి చుట్ట చుట్టుకునే ఉంది. దాని మొన మాడింది.

"మామా, ఆ కొసాకు చూస్తివా? దినాలయింది, ఇచ్చుకోల్యా. గాలి శానా ఎండిపోయింది. ఒగ గోతం తడిపి కిటికీకి కట్టు."

"గోతం మాటెత్తొద్దు. గదిలో చెమ్మ పనికిరాదని డాక్టరు చెప్పలా?"

"ఆ యప్ప చెప్పింది వానాకాలంలో గదా. ఇప్పుడు ఎండలు చూడు, గోడలు గూడా పగులుతాండాయి. నాకూ గొంతు పిడచ కట్టుకుపోతాంది."

"నీకేం తెలుసు? గమ్ముగుండు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక చౌడప్పకు చివుక్కుమంది. అది పాత మాట. ఎక్కడ, ఎందుకు అన్నాడో ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. సర్దుకుని, "సాయంత్రం చూస్తాలే" అన్నాడు.

"సాయంత్రమా? సర్లే," అంది వనజమ్మ. జగడమాడే ఓపిక ఆమెకు ఎప్పుడో పోయింది.

మగ్గం నేసే రోజుల్లో, జమ్మలమడుగులో వాళ్లది మగ్గం గుంట ఉన్న ఒంటి గది. వేసవి వచ్చిందంటే నేతగాడికి వడగాలి పగవాడు. ఎండు గాలి తగిలితే మగ్గం మీద బిగించిన పడుగుపోగులు పటపట తెగుతాయి. అందుకని చౌడప్ప కిటికీ బిగించేసి, దానికి తడి గోతాలు కట్టి, నేల మీద బిందెలతో నీళ్లు చల్లేవాడు. ఆ వీధిలో ఇళ్లన్నీ అంతే, కాకపోతే ఈయన గదిలో తడి మరికాస్త ఎక్కువ. పోగు తెగని నేతగాడని పేరు వచ్చింది, ఆ పేరంటే ఆయనకు పిచ్చి. వనజమ్మ అదే గదిలో చెమ్మగోడకు వీపు ఆనించి, రాట్నం తిప్పి కండెలు చుట్టేది. గోడ మూలల్లో నల్లగా బూజు పట్టింది. ఆమెకు దగ్గు పట్టింది.

"ఒక్క తూరి కిటికీ తీ మామా. ఊపిరాడ్డంల్యా."

"నీకేం తెలుసు? పడుగంతా పోతాది."

చౌడప్ప చెడ్డవాడేమీ కాదు. సంతకు పోతే పూలు లేకుండా ఇంటికి వచ్చేవాడు కాదు. ఆమెకు జ్వరమొస్తే తనే సంగటి కెలికేవాడు. కిటికీ ఒక్కటే తీయలేదు.

చివరికి పులివెందులలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు, ఇంట్లో ఎలా ఉంటారని ఆయన అడిగాడు. తన తడి గోతాల నేర్పంతా చౌడప్ప గొప్పగా వివరించాడు. డాక్టరు ఏమీ తిట్టలేదు. ఇక మీదట చెమ్మలో ఉంచవద్దని మాత్రం మెల్లగా చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేదని చౌడప్పకు ఈనాటికీ అనిపిస్తుంది.

ఆ రోజు తిరుగు బస్సులో వనజమ్మ కుచ్చిళ్లలోంచి ఒక మనీప్లాంటు కొమ్మ తీసి చూపించింది. ఆసుపత్రి వరండాలో కుండీ నుంచి తుంచిందట. "దొంగతనంగా తెస్తేనే బతుకుతాదంట మామా," అంటూ దగ్గు మధ్యలో నవ్వింది. ఆ తర్వాత మగ్గం అమ్మేశారు. అమ్మే ముందు, మిగిలిన పడుగుతో చౌడప్ప ఒక తువాలు నేసి ఆమెకిచ్చాడు. ప్రొద్దుటూరుకు వచ్చి, ఎండ తగిలే మేడ మీద గది చూసుకున్నారు. కింద వాటాలో ఇంటామె జానీబీ ఉంటుంది. చౌడప్ప బట్టల అంగడిలో చీరలు మడతపెట్టే పనిలో కుదిరాడు. అప్పటినుంచీ ఆయనకు తడి అంటే పడదు.

సాయంత్రం చూస్తానని చెప్పి వచ్చిన ఈ పూట అంగడి కిటకిటలాడుతోంది, పెళ్లిళ్ల కాలం. చూసి వదిలేసిన చీరలు గుట్టలు పడుతుంటే చౌడప్ప ఒకటొకటిగా మడతవేస్తున్నాడు. ఏసీ గాలికి పట్టు చేతికి అతుక్కుని చిటపటమంటోంది. ఒక చీర కొంగు చివర వేలాడుతున్న పోగును వేళ్ల మధ్య అలవాటుగా మెలిపెట్టాడు. పుటుక్కున తెగింది.

ఆయన చేయి ఆగిపోయింది. ఇంత ఎండు గాలిలో పోగు నిలవదు. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆకు ఎలా విచ్చుకుంటుంది? మనిషి గొంతు ఎలా ఆరకుండా ఉంటుంది? వనజ అడిగింది ఒక్క గోతం. జమ్మలమడుగు గదికి భయపడి, ఇక్కడి గదిని చూడటమే మానేశాడు తను.

మధ్యాహ్నం ఇంటికి పోయి కట్టి రావాలనుకున్నాడు. ఇంతలో ఏదో పెద్ద పెళ్లివారు దిగారు. షావుకారు కదలనివ్వలేదు. గట్టిగా అడిగితే పంపేవాడేమో. చౌడప్ప గట్టిగా అడగలేదు.

పొద్దు వాలాక బయటపడి, బియ్యం అంగట్లో ఖాళీ గోతం ఒకటి అడిగి తీసుకున్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని నడుస్తుంటే మనసు తేలికైంది. ఈ రాత్రికి ఆమె ముందే తడిపి కడతాడు. "నువ్వు చెప్పిందే నిజం" అని కూడా అంటాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారైనా అన్నట్టు గుర్తులేదు.

ఫోను మోగింది. జానీబీ.

"అన్నా, యాడుండావు? ఇంటికి రాన్నా." ఫోను పెట్టేసింది.

మెట్లెక్కి వచ్చేసరికి వనజమ్మను వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నారు. కళ్లు మూసి ఉన్నాయి. జానీబీ మంచం పక్కనుంచి లేచి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంతకు ముందే నేను పైకొచ్చినప్పుడు అక్క తువాలు తడుపుకుంటాండె అన్నా. నేను కడతానక్కా అంటే వినలా. గోడ పట్టుకోని పోయి తానే కిటికీకి కట్టింది. కట్టి, మంచం మీద కూచోని, 'ఇప్పుడు గొంతు హాయిగా ఉంది జానీబీ' అన్యాది. టీ తెస్తానుండక్కా అని కిందికి పోతి. తెచ్చేలోపల..."

చౌడప్ప ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. చంకలో గోతం అలాగే ఉంది. కిటికీ తెరవమంటే తెరవలేదు, గోతం తడపమంటే తడపలేదు. రెండుసార్లూ తనకే తెలుసనుకున్నాడు. ఊపిరి ఎవరిదో వాళ్లను అడగాలన్న బుద్ధి రెండుసార్లూ పుట్టలేదు. కుర్చీ మీదున్నా నేల మీదున్నా ఆడే ఆ కుడికాలు ఇప్పుడు కదలకుండా ఉంది.

వీధిలోవాళ్లు ఒకరొకరే వస్తున్నారు. దీపం పెట్టడానికి చోటు చూస్తూ ఎవరో కిటికీ దగ్గరి తువాలు తీయబోయారు.

"దాన్ని ముట్టగాకండి," అన్నాడు చౌడప్ప. "ఉండనీండి."

తీగ కొసన ఆకు ఇంకా విచ్చుకోలేదు. కిటికీ ఊచకు వేలాడుతున్న తను నేసిచ్చిన తువాలు అంచులు అప్పటికే ఎండి బిరుసెక్కాయి. ఆమె పిండలేక వదిలేసిన నడిమి మడత మాత్రం ఇంకా తడిగానే ఉంది.