పెన్సిలు పాదాలు

చెప్పు లోపల చేతి బొటనవేలు పెట్టి, మడమ నుంచి వేళ్ళ దాకా మెల్లగా నొక్కుకుంటూ పోతున్నాడు చెప్పులాయన. ఎక్కడైనా జిగురు గట్టిపడి గరుకుగా తగిలితే ఆగి, కత్తితో గీకి, మళ్ళీ మొదటి నుంచి నొక్కుతున్నాడు. ఈ ఆసుపత్రిలో చెప్పులకు మేకులు వాడరు. కుష్ఠు వల్ల పాదాలు మొద్దుబారిన వాళ్ళకి మేకు దిగినా తెలియదు. సాయంత్రం చెప్పు నిండా రక్తం చూసుకుని, ఇదెవరిదని అడుగుతారు. వాళ్ళ పాదాలకు తెలియనిది ఆయన వేలికి తెలియాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుస్తూనే ఉంది.

మనిషి బక్కపలచన. వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని నల్ల జిగురు. పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. ప్రతి శుక్రవారం ప్రార్థన గదిలో, కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పడం ఒక్కటే ఆయనకున్న గొప్ప. ఆ నాలుగూ ఎప్పుడూ అవే. నొప్పి మన ఒంటికి దేవుడు పెట్టిన కావలివాడు, వాడు అరుస్తాడు కాబట్టే మనం మేలుకుంటాం, ఆ అరుపు ఆగిన కాళ్ళు ఏమయ్యాయో మీరే చూసుకోండి, అనేవాడు. వినేవాళ్ళు తలలూపేవారు. వెనక వరసలో కూర్చున్న భార్య మాత్రం, "వచ్చాడమ్మా కావలివాడు" అని గొణిగేది.

ఆ భార్య ఇప్పుడు ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం మీద ఉంది. కడుపులో పుట్టిన క్యాన్సరు ఎముకల దాకా పాకింది. నొప్పి తెలియకుండా మందు ఎక్కించవచ్చనీ, కానీ ఇక ఎక్కువగా నిద్రలోనే ఉంటుందనీ, మాట్లాడకపోవచ్చనీ మూడు రోజుల కిందట డాక్టరమ్మ చెప్పింది. ముందు రోగినే అడిగిందట. "ఆయన్నడగండి, నొప్పి సంగతి ఆయనకే బాగా తెలుసు" అందట ఆవిడ.

ఆయన నాన్చాడు. "ఇంకొక్క రోజు చూద్దామమ్మా" అన్నాడు. మర్నాడూ అదే మాట. ఈ బాధకు దేవుడి దగ్గర ఏదో అర్థం ఉంటుందనీ, మధ్యలో దాని నోరు నొక్కకూడదనీ తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. పిల్లాజెల్లా లేని ఇంట్లో ఆవిడ మాటొక్కటే వినిపించేది. అది ఆగిపోతుందంటే ఆయనకు భయం వేసింది.

"బావా, వేలు చూసుకో" అన్నాడు గుమ్మంలోంచి తోటమాలి. ఒకప్పటి రోగి. నయమయ్యాక ఇక్కడే మొక్కలు పెంచుకుంటూ ఉండిపోయి, అందరితో వరసలు కలిపేశాడు.

కత్తి తగిలి బొటనవేలు చీరుకుపోయింది. కొత్త చెప్పు లోపలంతా రక్తం.

"తెలీలేదా? మా జబ్బు నీకంటిందేమోనని హడలిపోయాను."

"తెలీలేదురా" అన్నాడు చెప్పులాయన. నవ్వలేదు.

"రేపు శుక్రవారం కదా. ఏం చెప్తావు?"

ఆయన వేలికి గుడ్డ చుట్టుకుని వార్డుకు నడిచాడు.

ఆవిడ దుప్పటి అంచు పళ్ళ మధ్య బిగబట్టి ఉంది. పక్క మంచాలవాళ్ళు నిద్ర లేస్తారని అరవదు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆవిడకొక్క జత కుట్టలేదు. రోగుల చెప్పులు నాకెందుకనేది. వాపు వచ్చి ఏ చెప్పూ పట్టకపోయేసరికి కిందటి వారమే దిగివచ్చి, కొలత ఇచ్చింది.

"ఏమయ్యా" అంది, దుప్పటి వదిలి. "నీ కావలివాడు అరుస్తూనే ఉన్నాడు. దొంగలు ఇల్లంతా ఊడ్చుకుపోయారని వాడికెవరూ చెప్పలేదా?"

ఆయన ఆవిడ పాదం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు చెప్పు. ఇంక పడుకోమను."

ఆయన తిన్నగా డాక్టరమ్మ గదికి వెళ్ళి, "మొదలుపెట్టండమ్మా" అన్నాడు. మూడు రోజుల ముందే అనాల్సిన మాట. ఆ మూడు రోజులూ ఆవిడ దుప్పటి కొరికింది తన వల్లే. దాన్ని దేవుడి మీదికి నెట్టడానికి వీల్లేదు.

మందు ఎక్కుతుంటే ఆవిడ దవడ వదులైంది. ఆయన ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ వరదలా వచ్చే మాటలు రాలేదు. ప్రభువా, ఇది దేనికో నాకు తెలీదు, అన్నాడు లోపల. సిలువ మీద నువ్వూ అరిచావు కదా, నీకైనా తెలిసిందా, అన్నాడు. ఎవరూ బదులు చెప్పలేదు. అయినా లేవబుద్ధి కాక, ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

దీపాలు వేసే వేళకు నర్సు వచ్చింది. మణికట్టు పట్టుకుని చాలాసేపు చూసి, దుప్పటి ఆవిడ మొహం మీదికి కప్పింది.

చెప్పుల గది గుమ్మంలో తోటమాలి కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం చూడగానే అర్థమై లేచి నిలబడ్డాడు.

"రేపు నేనేమీ చెప్పనురా" అన్నాడు చెప్పులాయన. "వస్తాను. ఊరికే కూర్చుంటాను."

"నేనూ కూర్చుంటాను బావా."

అతను వెళ్ళాక చెప్పులాయన బల్ల ముందు నిలబడ్డాడు. ఇంకా కత్తిరించని మెత్తటి రబ్బరు మీద, ఆవిడ కొలత తీసిన కాగితం పరిచి ఉంది. రెండు ఉబ్బిన పాదాలు. మడమల చుట్టూ, వేళ్ళ చుట్టూ గీత జాగ్రత్తగా తిరిగింది. ఎడమ అరికాలి వంపు దగ్గర మాత్రం, చక్కిలిగింతకు ఆవిడ కాలు లాక్కుని నవ్విన చోట, పెన్సిలు జారి గీత కాగితం అంచు దాకా పోయింది.