సముద్రం అబ్బాస్

సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తున్నాడు అబ్బాస్. ఎల్లారెడ్డి దాటాక కామారెడ్డి రోడ్డు మీద, పొలాలు మొదలయ్యే చోట ఆయన పంక్చరు దుకాణం. బక్కపలచని మనిషి, నెరిసిన గడ్డం, గ్రీజు పట్టి నల్లబడ్డ గోళ్లు. చేతులు తొట్టిలో ఉన్నా నోరు మాత్రం ఎర్రసముద్రంలోనే!

జిద్దాలో తొమ్మిదేండ్లు ఒక విదేశీ ఇంజనీరు దగ్గర డ్రైవరుగా చేశాడు. అది బండి కాదు, చక్రాల మీది ఇల్లు. అందులోనే మంచాలు, పొయ్యి, నీళ్ల కుళాయి. సెలవు దొరికితే చాలు, దొరా దొరసానీ సముద్రపు ఒడ్డు పార్కులకు బయలుదేరేవారు. వీపుకు గాలి సిలిండర్లు కట్టుకుని నీళ్లలో దిగితే గంటకు గానీ పైకి వచ్చేవారు కాదు. అబ్బాస్ ఒడ్డున చాయ్ కాచి, నీటి మీద బుడగలు చూస్తూ కూర్చునేవాడు. బుడగలు వస్తున్నంతసేపు మనిషి క్షేమమని దొరసాని చెప్పింది. అబ్బాస్‌కు మాత్రం మోకాలి లోతు దాటితే గుండె దడ.

కువైట్ లడాయి నాడు తిరిగొచ్చాక ఈ సంగతులే దుకాణంలో చెప్పేవాడు. మొదట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. నువ్వు దిగలేదా అని ఎవరో అడిగితే, చిన్నబోవడం ఇష్టంలేక ఒకసారి దిగానన్నాడు. ఆ ఒక్కసారి కాస్తా వందసార్లయింది. సిలిండర్లు లేకుండానే గంటసేపు మునిగేవాడినని, బుడగలు వస్తున్నంతసేపు భయం లేదని చెప్పేవాడు. రంగుల చేపలు ఆయన గడ్డం కొరికాయి, సొరచేప ఆయన పక్కనుంచే పోయింది. ఊరంతా సముద్రం అబ్బాస్ అని పిలవసాగింది. పోనీలే, ఎవరికి నష్టమని భార్య కుల్సుం కూడా నవ్వి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం నాగవ్వ రొప్పుతూ వచ్చింది. ఆమె మనుమరాలు చేనుకాడి బావిలో పడింది, మోటరు పైపు పట్టుకుని వేలాడుతోంది, అక్కడ ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు.

"నువ్వు సముద్రాలల్ల మునిగినోనివి. నీ కాల్మొక్త, బిడ్డను తియ్యి కొడుకా," అంది.

తనకు ఈత రాదని చెప్పడానికి అబ్బాస్ నోరు తెరిచాడు. పైపు పట్టుకుని దిగితే ఈతతో పనేముంది అనుకున్నాడు. పరుగెత్తాడు.

రాళ్ల సందుల్లో కాళ్లు పెట్టి, పైపు వెంట నీళ్ల దాకా దిగాడు. పిల్ల చేతులు అప్పటికే జారుతున్నాయి. పైనుంచి వేసిన తాడును ఆమె చంకల కింద ముడివేయాలంటే రెండు చేతులూ కావాలి. కాళ్లతో పైపును పెనవేసి, రెండు చేతులూ వదిలాడు. ముడి బిగిసింది, పిల్ల పైకి లేచింది. పాచి పట్టిన పైపు మీద ఆయన కాళ్లు జారాయి.

పైన ఆడవాళ్లు పిల్లను ఒళ్లో వేసుకుని ఏడ్చారు, నవ్వారు. అరుపులు విని అవతలి చేనునుంచి హన్మండ్లు ఉరికొచ్చాడు. మంచి ఈతగాడు. అబ్బాస్ లోపలున్నాడని తెలిసి అంగీ విప్పబోతే నాగవ్వే ఆపింది.

"ఆగు బిడ్డా. ఆయిన గంటసేపు లోపట్నే ఉంటడు. అగో, బుడగలొస్తున్నయ్ గదా."

హన్మండ్లు తొంగిచూశాడు. నిజమే, వస్తున్నాయి. గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఎంత ఘోరం! అంతమందీ ఆ బుడగలను ముచ్చటగా చూశారు. అవి పలచబడ్డాయి, ఆగిపోయాయి. అప్పుడు కూడా, అడుగున ఏదో వెతుకుతున్నట్టున్నాడని ఒకామె అంది.

సంగతి తెలిసి కుల్సుం చెప్పులు కూడా లేకుండా ఉరికొచ్చింది. బావి వైపు చూసింది. ఆ తర్వాత అందరి మొహాలూ చూసింది.

"ఆయనకు ఈత రాదు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమే మళ్లీ చెప్పింది.

"ఎన్నడూ నీళ్లల్ల దిగలే. ఒడ్డుకు కూసొని సూసేటోడు. గంతే."

హన్మండ్లు అంగీతోనే దూకాడు. నాగవ్వ నిలబడ్డ చోటే కూలబడింది. రెండోసారి మునిగినప్పుడు హన్మండ్లుకు ఆయన దొరికాడు. గట్టు మీద పడుకోబెట్టి కడుపు నొక్కారు, అరికాళ్లు రుద్దారు. ఆయన కదల్లేదు.

మోటరు డబ్బా మీద, దిగేముందు ఆయన తీసిపెట్టిన తెల్లటోపీ ఉంది. దాని అంచుకు చెమట తడి ఇంకా ఆరలేదు.