జానెడు వెనక్కి జరిగిన బ్లాకులు

సిటీ బస్సు నడిపే ఆ కోడలికి పరుగంటే పిచ్చి. వంద మీటర్ల పందెంలో చివరి సగం ఆమెను పట్టుకోవడం డిపోలో ఎవరి తరమూ కాదు. చిక్కల్లా మొదట్లోనే. తుపాకీ పేలగానే అందరూ పాదాలు ఆనించిన బ్లాకుల్ని తన్ని ముందుకు దూసుకుపోతుంటే, ఈమె ఉలిక్కిపడి లేచినట్టు నిటారుగా నిలబడిపోయేది.

"బస్సు ఫస్ట్ గేరులో పడట్లేదేంటమ్మా?" అని డిపోలో ఒకటే ఆటపట్టించేవారు.

ఉద్యోగుల పోటీలు దగ్గరపడ్డాయి. ఒక ఆదివారం ఆమె స్టేడియానికి బయల్దేరుతుంటే అత్తగారు కూడా చెప్పులేసుకున్నారు. కాలేజీ రోజుల్లో ఆవిడ పేరున్న రన్నరని భర్త చెప్పగా విన్నదే తప్ప, ఆవిడ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

కోడలి స్టార్టు ఒకసారి చూడగానే అత్తగారు చెయ్యి ఊపారు.

"అమ్మాయ్, ఆగు! ఈ బ్లాకులు ఎవరు పెట్టారు?"

"కోచ్‌గారు అందరికీ ఇలాగే పెడతారు అత్తయ్యా."

"అందరికీ నీ కాళ్ళున్నాయా? ఇంత పొడుగు మనిషివి గీతకి అంటుకుని కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఇంక నెట్టడానికి చోటేదీ? అందుకే పైకి లేస్తున్నావు."

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి ట్రాక్ మీద చతికిలబడ్డారు. బ్లాకులు జానెడు వెనక్కి జరిపి బిగించారు.

"తుపాకీకి ముందు ‘సెట్’ అన్నప్పుడు నడుము భుజాలకంటే కాస్త పైకి లేపు. పేలగానే లేవకు, బ్లాకుల్ని వెనక్కి తన్ను. తల దానంతటదే లేస్తుంది."

మొదటిసారి బోర్లా పడబోయి తమాయించుకుంది.

"అత్తయ్యా, పళ్ళు రాలేలా ఉన్నాయి!"

"రాలితే కట్టిస్తాలే. మళ్ళీ!"

ఎండెక్కేసరికి, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు మొదటి అడుగులు ముందుకు పడసాగాయి.

పోటీలో ఆమెకు రెండో స్థానం వచ్చింది. అకౌంట్స్ ఆఫీసు అమ్మాయి వెంట్రుకవాసిలో గెలిచింది. అయినా తుపాకీ పేలాక మొట్టమొదటిసారి తన ముందు ఎవరి వీపూ కనబడలేదు. ఆ సంతోషంతో రొప్పుతూనే గ్యాలరీకి పరిగెత్తి, అత్తగారి చేతులు రెండూ పట్టుకుంది. కళ్ళు చెమర్చాయి.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెబితే అత్త పెత్తనం అనుకుంటావేమోనని."

"ఇంకనుంచి చెయ్యండి ఆ పెత్తనం. మీ పుణ్యమా అని ఇవాళ పరుగంటే ఏంటో తెలిసింది."

అత్తగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. "చాల్లే, చెమట తుడుచుకో" అంటూ తన కొంగే అందించారు.