బామ్మర్ది ఓకేలు

లిఫ్టు ఆగి మూడు గంటలైంది. పన్నెండో అంతస్తు పైన, మోటారు గదిలో మెకానిక్ వైర్లు బిగిస్తున్నాడు. అట్టడుగున, లిఫ్టు కింద ఉండే గుంటలో అతని బామ్మర్ది మోకాళ్ల మీద కూర్చుని స్ప్రింగులు సరిచేస్తున్నాడు. ఇద్దరి దగ్గరా చెరో వాకీటాకీ.

"ఒరేయ్, ఎంతవరకొచ్చింది?"

"ఓకే బావా."

మెకానిక్ పళ్లు నూరాడు. వాడికి ఆ మాట ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడాల్సిందే. అన్నం పెట్టమన్నా ఓకే, చాలన్నా ఓకే. అక్క తిట్టినా ఓకే. పిల్ల నచ్చిందా అంటే ఓకే అన్నాడు. నచ్చలేదని ఆర్నెల్లకు తెలిసింది.

అందుకే మెకానిక్ నోటిమాట నమ్మడు. గుంటలోకి దిగేవాడు తన వాచీ విప్పి మోటారు గదిలోని మెయిన్ స్విచ్ పిడికి తగిలించాలి. పని ముగించి పైకొచ్చి, తన చేత్తో తనే తీసుకోవాలి. అంతవరకు స్విచ్ వేయకూడదు. ఇరవై ఏళ్ల పద్ధతి. ఆ ఇరవై ఏళ్లూ పిడికి వేలాడిన తన స్టీలు చైను వాచీనే, బామ్మర్ది పనిలో చేరిన రోజున వాడికిచ్చేశాడు.

తలుపు తోసుకుని అపార్ట్‌మెంట్ మేనేజర్ వచ్చాడు. "మేస్త్రీ, ఎనిమిదో అంతస్తు పెద్దావిడ ఆస్పత్రికి వెళ్లాలి. ఇంకా ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"గంట క్రితం కూడా టైం చూసి ఇదే మాటన్నారు!"

మెకానిక్ చేయి తిప్పి టైం చూశాడు. పన్నెండూ ఇరవై. వాకీటాకీ నొక్కాడు.

"ఒరేయ్, బయటికొచ్చేశావా?"

గరగర. ఆ గరగరలోంచి, "...ఓకే..."

"వచ్చేశాడుగా!" అన్నాడు మేనేజర్.

"వచ్చేశానన్న ఓకేనో, వస్తానన్న ఓకేనో, నా ప్రాణం తీయకన్న ఓకేనో!" మళ్లీ పిలిచాడు. జవాబు లేదు. బ్యాటరీ చచ్చింది.

స్విచ్ వైపు చూశాడు. పిడి ఖాళీగా ఉంది. హమ్మయ్య. తను వైర్లలో తల దూర్చినప్పుడు వచ్చి వాచీ పట్టుకెళ్లుంటాడు, దొంగవెధవ.

"వెయ్యండి మేస్త్రీ!"

పిడి పట్టుకున్నాడు. ఇనుముకి ఏదో టక్కున తగిలింది. చూశాడు.

స్టీలు చైను. తన మణికట్టు మీద.

గంట క్రితం టైం చూడటానికి పిడి మీంచి తీశాడు. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి తనంతట తానే తొడిగేసుకుంది.

ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. "కుర్చీ తెప్పించండి. పెద్దావిడని మోసుకుని దింపుదాం, నేనూ ఒక చెయ్యి వేస్తా. ముందు వాణ్ని చూసొస్తాను." మేనేజర్ నోరు తెరిచేలోగా మెట్లు దిగుతున్నాడు.

గుంటలో రెండు స్ప్రింగుల మధ్య బామ్మర్ది తల కనిపించింది.

"ఏంటి బావా? ఓకే అన్నాగా, ఇంకో రెండు బోల్టులేగా!"

"పైకి రా."

వచ్చాడు. వాచీ అందుకున్నాడు. "ఇది నీ దగ్గరికెలా..." బావ జేబులోంచి ఫ్యూజులు తీసి చూపించాడు. బామ్మర్ది తలెత్తి లిఫ్టు అడుగు వైపు చూసి, మెట్టు మీద కూలబడ్డాడు.

మెకానిక్ పక్కనే కూర్చున్నాడు. "ఇంటికెళ్లాక పనెలా జరిగిందని మీ అక్క అడుగుతుంది."

బామ్మర్ది వాచీ గుప్పిట్లో బిగించాడు.

"ఓకే అంటాలే బావా."

లేచి, దాన్ని మళ్లీ పిడికి తగిలించడానికి పన్నెండంతస్తులు ఎక్కడం మొదలుపెట్టాడు.