మూయకముందే వేయాల్సిన రంగు

సంతోష్‌నగర్‌లో నలభై ఏళ్లు కార్లకు రంగులు వేసిన అబ్దుల్ వాహెద్‌కు ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ బొమ్మ విమానం కొత్త పాఠం చెప్పింది. కారుకైతే బాడీ అంతా సిద్ధమయ్యాకే అడుగుపూతగా ప్రైమర్, ఆ తర్వాతే రంగు. విమానానికి అట్లా కుదరదు. పొట్ట రెండు సగాలూ అతికించేస్తే కాక్‌పిట్‌లోకి కుంచె దూరదు. కాబట్టి ముందు లోపలి రంగు, తర్వాత అతుకు, ఆఖరికి పైరంగు. అతికే అంచుల మీద ప్రైమర్ పడితే గమ్ము పట్టదు, అందుకని వాటికి ముందే టేపు వేయాలి.

ఇదంతా చెప్పింది విశ్వేశ్వర్. హుస్సేనీ ఆలంలో ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. ముప్పై ఏళ్లు శిక్షణ విమానాల మెకానిక్‌గా చేసిన విశ్వేశ్వర్‌కు ఇప్పుడు చాయ్ కప్పు పట్టుకుంటే సగం తొణికి సాసర్‌లోనే ఉంటుంది. తాను పనిచేసిన విమానమే బొమ్మగా దొరికితే కొనుక్కొచ్చాడు. ఆదివారం తనతో పనిచేసిన పాత దోస్తులు భోజనానికి వస్తున్నారు. వాళ్ల ముందు దాన్ని పెట్టాలని ఆశ.

"కండ్లు నావి, చేతులు నీవి, వాహెద్ భాయ్" అన్నాడు. వాహెద్ సరేనన్నాడు.

సరేనన్నాకగానీ డబ్బాలోని పైలట్ బొమ్మను చూడలేదు. గోరంత మనిషి. తలకు టోపీ, మోకాళ్ల మీద చేతులు, ముక్కూ గడ్డంతో సహా ముఖం. అతనికి రంగులు వేసి సీట్లో కూర్చోబెట్టాకే పొట్ట మూయాలి.

వాహెద్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క ముఖం గీయలేదు. ప్రాణం పోసేవాడు ఒక్కడే, పోయలేని మనకు ఆ రూపాలెందుకని తండ్రి చెప్పిన మాట. ఇంట్లో గోడకు ఫోటో లేదు. పెట్టుకున్నవాళ్లను ఏనాడూ ఏమీ అనలేదు.

సోమవారం "ప్రైమర్ ఆరలే అన్నా" అన్నాడు. మంగళవారం మబ్బు పట్టిందన్నాడు. బుధవారం గాలిలో తేమ ఉందన్నాడు.

విశ్వేశ్వర్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండకు వీధి తెల్లగా మెరుస్తోంది. "వాన మీ డాబా మీదనే పడ్తదా ఏంది?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే వాహెద్‌ను పొడిచింది.

ఇంటికొస్తే భార్య జహీరా వదల్లేదు. "సునోజీ, కార్ల వెనక సినిమా హీరోల బొమ్మలుంటే రంగు వెయ్యలేదా మీరు?"

"బొమ్మ మీద టేపు అంటించి చుట్టూ వేసిన."

"ఫ్యాక్టరీవాడు మనిషిని ఎప్పుడో చేసిండు. మీరు రంగు పూస్తరు, గంతే. గోరంత మనిషితోని ఇంత లొల్లా?"

ఆమె అన్నది నిజమేననిపించింది వాహెద్‌కు. మనిషిని చేసింది ఫ్యాక్టరీ అచ్చు. కానీ రంగు లేనంతసేపు అది ప్లాస్టిక్ ముక్క. కండ్లు దిద్దితే తనను చూస్తుంది. తాను వెనకాడేది దైవభయంతోనా, లేక ఇన్నేళ్ల పట్టుదలతోనా? సాయంత్రం అసర్ నమాజు తర్వాత చేతులు చాపి అల్లాను అదే అడిగాడు. ముఖం సంగతి తేలలేదు. ఇంకొకటి మాత్రం తేలిపోయింది. మూడు రోజులుగా ప్రైమర్ మీద చెబుతున్నది అబద్ధం. అందులో ఏ అనుమానమూ లేదు.

గురువారం పొద్దున్నే విమానం డబ్బా చంకలో పెట్టుకుని ఎదురింటికి వెళ్లాడు.

"అన్నా, ప్రైమర్ సోమవారమే ఆరింది. నేను పైలట్‌కు ముఖం వెయ్యలేను. నాకు మనసొప్పుతలేదు. ఆదివారం దోస్తుల ముందట నీ మాట పోతదేమోనని ఇన్ని రోజులు చెప్పలే."

విశ్వేశ్వర్ కుర్చీ ఊగేలా నవ్వాడు.

"ఓర్నీ! నీ చేతులు గూడ వణుకుతున్నయేమో, అడిగితే బాధపడ్తవని నేను నోరు మూసుకున్న!"

"నా చేతులకేమైంది? ఇనుము లెక్క ఉన్నయ్."

విశ్వేశ్వర్ పైలట్‌ను వేళ్ల మధ్య పట్టుకున్నాడు. గోరంత మనిషి గజగజ వణికాడు. "అసలు వీనితో నాకేం పని? పైలట్ దిగినంకనే గద నా డ్యూటీ మొదలు. ముప్పై ఏండ్లు నేను చూసిన విమానం ఖాళీదే. వీన్ని కూసోబెడితే ఆదివారం వచ్చే మా వైకుంఠం ఊకుంటడా? మన సీట్ల ఎవడ్రా కూసున్నడు అంటడు."

పైలట్‌ను తీసి డబ్బాలో వేసేశాడు. వాహెద్ గుండెల మీంచి బరువు దిగింది. దిగీదిగకముందే విశ్వేశ్వర్ మళ్లీ అందుకున్నాడు.

"కానీ ఇప్పుడు సీటు మొత్తం కనబడ్తది. బెల్టులు దిద్దాలె. బకిల్స్‌కు వెండి రంగు. అన్నీ మూయకముందే."

"మూడు దినాల పని ఒక్క దినంల చెయ్యమంటవా?"

"ఆ మూడు దినాలు తిన్నదెవరు?"

శుక్రవారం జుమా నమాజు నుంచి వచ్చి, వాహెద్ బిస్మిల్లా అని అన్నిటికన్నా సన్నని కుంచె తీశాడు. నల్ల సీటు మీద దారమంత బెల్టులు, ఆవగింజంత బకిల్స్. చెయ్యి అదరలేదు. ఊపిరి కూడా దాన్ని అడిగే వస్తున్నట్టుంది.

విశ్వేశ్వర్ భూతద్దం పెట్టి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. "ఎడమ బెల్టు జర వంకరున్నది భాయ్."

"దిగేటప్పుడు పైలట్ అట్లనే పడేసి పోయిండు" అన్నాడు వాహెద్.

విశ్వేశ్వర్ భూతద్దం దించాడు. "గట్లనే పడేస్తుండ్రి బద్మాష్‌గాళ్లు" అని, గమ్ము తేవడానికి లేచాడు.