బావ కోసిన తాళం

ఈ ఫ్యాను ఆపమంటే నర్సు ఉక్కపోతలో చస్తావయ్యా అని నవ్వింది, రెక్క ఏది తిరిగినా ఒళ్లు ముడుచుకుపోతోందని ఆమెకెలా చెప్పను, ఆ రోజు ఫ్యాక్టరీలో బిస్కెట్ల పిండి కలిపే పెద్ద మిక్సర్‌లో మోకాళ్ల మీద కూర్చుని వంగిన రెక్క విప్పుతున్నాను, బయట మెయిన్ స్విచ్చికి నా తాళం వేసి, లోపల మనిషి ఉన్నాడు అని నా ఫొటోతో ఎర్ర ట్యాగు తగిలించే దిగాను, ఫిట్టరుకి అంతకన్నా ధైర్యం ఏముంటుంది, అయినా రెక్క కదిలింది, సగం చుట్టే, మూడు వేళ్లు అక్కడే ఉండిపోయాయి, నన్ను పైకి లాగినవాళ్ల వెనకాల బావ, అక్క మొగుడు, షిఫ్టు సూపర్‌వైజరు, నన్ను ఈ పనిలో పెట్టించినవాడు, చేతిలో తాళాలు కోసే కట్టరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

లోపల ఉన్నావనుకోలేదురా, తాళం తియ్యడం మర్చిపోయి భోజనానికి వెళ్లావనుకున్నా, పైనుంచి లోడు పంపాలి లోడు పంపాలి అని ప్రాణాలు తోడేస్తున్నారు అన్నాడు ఈ మంచం అంచున కూర్చుని, కట్టరు స్టోరులో కదా బావా ఉండేది, షెడ్డు ఆ చివర, వెళ్లాలి, తేవాలి, కొయ్యాలి, ఈలోపు ఒరేయ్ అని ఒక్క కేక వేస్తే పలికేవాణ్ణే, వీధి చివర ఉన్నా వినపడేలా పిలుస్తావే ఎప్పుడూ, ఆ గొంతు ఏమైంది, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడురా, అసలు తాళమే వెయ్యలేదని చెప్పెయ్, నీకు నేను లేనా అంటున్నాడు, ఉన్నావు కాబట్టే కదా ఇలా ఉన్నాను.

అక్క గంజి తాగిస్తోంది, అమ్మ పోయాక నన్ను చంకనెత్తుకుని పెంచిన అక్క, చెంచా నోటిదాకా తెచ్చి ఆపి, చెప్పెయ్‌రా, ఒక్క మాటేగా, మీ బావ ఉద్యోగం పోతే పిల్లలు ఏమైపోతారు అంది, తాళం కోసింది ఆయనేనక్కా అన్నాను, తెలుసురా, ఇంటికి రాగానే చెప్పి ఏడ్చారు అంది, కట్టు వైపు చూడకుండా.

ఇన్‌స్పెక్టరు వచ్చి తాళం వేశారా అని అడిగాడు, బావ గోడకేసి చూస్తున్నాడు, వేశాను సార్, మా బావ కోశాడు అన్నాను, అక్క గిన్నె పట్టుకుని లేచి వెళ్లిపోయింది, వెనక్కి తిరగలేదు, బావకి నేను లోపల ఉన్నానని నిజంగానే తెలియదేమో, అక్క మాత్రం అంతా తెలిసే అడిగింది.