మగ్గం కొయ్య ఎటు తిరిగింది

పొద్దున లేవగానే రామేశ్వరమ్మ చేసే మొదటి పని అత్త మంచాన్ని తిప్పి సరిగా వేయడం. గురమ్మ రాత్రి తూర్పుకు తల పెట్టి పడుకునేది. తెల్లారి చూస్తే మంచం ఉత్తరాన ఉన్న గుర్రాలకొండ వైపు తిరిగి ఉండేది. ముసలామె దాని మీదనే గుర్రుపెడతా ఉండేది. కోడలు మంచంకోడు పట్టుకుని సర్రున లాగితే లేచి కూర్చుని, "రొంత మెల్లగా తిప్పకూడదా మే? నేనేమన్నా వడ్లమూటనా?" అని కసిరేది.

బోడబండ ఊర్లో ఏ ఇంట్లో చూసినా ఇదే తంతు. ఎంత కోసినా, చెక్కినా, మేకులు కొట్టినా, కొయ్య అన్నది తన మాను ఎక్కడ నిలబడిందో అక్కడికే మొదలు కొసను తిప్పుకుంటుంది. ఇండ్లలో పరిచిన నల్లబండల మీద మంచంకోళ్ళు గీసిన గీతలు వంకరవంకరగా కనిపించేవి. బండి విప్పితే చక్రానికి రాయి పెట్టాల్సిందే. కొత్త టేకు మంచం తెచ్చుకున్న పెండ్లికొడుకు దాన్ని గుంజకు కట్టడం మరిచిపోయి, తెల్లారేసరికి వాకిట్లో కొత్త పెండ్లాంతో సహా తేలాడని ఊరంతా ఒక ఏడాది నవ్వుకుంది. పాతబడే కొద్దీ కొన్నిట్లో ఆ తిరుగుడు తగ్గేది. గురమ్మ పప్పుగుత్తి ఎప్పుడో మానుకుంది. ముసలిదైపోయింది, దానికీ ఓపిక లేదు అనుకునేవాళ్ళు.

మగ్గానికి మాత్రం ఈ తిరుగుడు పనికిరాదు. నేసేవాళ్ళు గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, నేసిన బట్టను చుట్టుకునే కొయ్య వాళ్ళ పొట్టకు ఆనుకుని ఉంటుంది. అది వేలెడు పక్కకు జరిగినా నిలువు పోగుల పడుగంతా వంకర పోతుంది. అందుకే సాలెవాళ్ళు ఆ కొయ్యను రెండు గుంజలకు తాళ్ళతో బిగించి కడతారు. పొద్దున మంచం తిప్పడం అయ్యాక ఆ తాళ్ళు గుంజి చూసుకోవడం రామేశ్వరమ్మ రెండో పని. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ తాళ్ళు విప్పింది లేదు. ఒక తాడు పాతబడితే కొత్తది కట్టిన తర్వాతే పాతది తీసేది.

అది నారేపి మాను కొయ్య. మొగుడి తాత పొట్ట, మామ పొట్ట, మొగుడి పొట్ట ఒరుసుకుని ఒరుసుకుని నున్నగా తేలింది. గాలిజ్వరం ఊరిని ఊడ్చిన ఏడాది మొగుడు పోయాడు. పదో దినం కాగానే ఆమె పోయి గుంతలో కూర్చుంది. ఆడది మగ్గమెక్కడమేందని వీధిలో గొణిగినవాళ్ళు గొణిగారు. "మీ ఇండ్లనుంచి నాకూ మా అత్తకూ రెండు పూటలా సంగటి పంపించండబ్బా, దిగేస్తా" అంది. ఎవరూ పంపలేదు. ఎవరూ మళ్ళీ ఆ మాట ఎత్తనూ లేదు.

ఇట్లా ఉండగా ఫారెస్టు గార్డు ఆదెన్న ఆమె వాకిట్లోకి వచ్చాడు. మనిషి పక్క ఊరివాడే. కాకీ గుడ్డ ఒంటి మీద పడినప్పటి నుంచి కండ్లు నెత్తికెక్కాయి. పెండ్లానికి ఎర్రంచు చీర ఒకటి నేసి పెట్టమన్నాడు, ఊరికే. రామేశ్వరమ్మ పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె ఆపకుండానే, "నడుములు పడిపోయేది నాకు, కట్టుకుని తిరిగేది నీ పెండ్లామా? పో, పో, ఎండ ముదరకముందే పో" అంది.

పోయినోడు వారం తిరగకుండా ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చాడు.

"ఏమ్మే, ఈ కొయ్యకు పర్మిట్టు ఉండాదా?"

"మగ్గానికి పర్మిట్టేందప్పా? నీ తలకాయకు ఉండాదా పర్మిట్టు?"

"ఇది మగ్గం గాదు. టింబరు."

"అంటే?"

"నిలబడిన మాను, కూలిన మాను, కోసింది, చెక్కింది, తొలిచింది, అంతా టింబరే. చట్టంలో రాసుండాది. టింబరంటే సర్కారుది. కాదంటావా, కాదని నువ్వే చూపించుకోవల్ల."

చూశారా, ఆ మాట ఎంత నోరు తెరిచిందో! మనకు మాను వేరు, దూలం వేరు, రోకలి వేరు, బిడ్డను ఊపే తొట్టి వేరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు, ఆ పేరు పెట్టి పిలుచుకునే ఒక ఇల్లు. వీళ్ళు సముద్రాల అవతల నుంచి ఒక్క మాట తెచ్చి, తొట్టినీ పాడెనూ ఒకే మూటలో కట్టి భుజానేసుకున్నారు. మూట మాది, దొంగలు మీరు అంటున్నారు. రామేశ్వరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపంలోనే నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

"ఇది మా చేని గట్టున మొలిచిన మాను. మీ కొండది గాదు!"

"అట్లనా? అయితే రేంజరుదొర ముందర వేలాడదీసి చూద్దాం" అని ఆదెన్న నవ్వి, కొడవలి తీసి పడుగు మీద ఒక్క వేటు వేశాడు. సగం నేసిన చీర తెగి గుంతలోకి జారింది.

రామేశ్వరమ్మ లేచి గంజికుండ ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించింది. "నీ జిమ్మడ! నీ చేతులు పడిపోను! ఒక్కొక్క పోగు నా ప్రాణంరా అది!" అని వీధి చివరిదాకా వెంటపడింది. గంజి కారే మీసాలతో వాడు కొయ్యను మోయించుకుని పోనే పోయాడు.

ఇంటికి వస్తే గురమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది.

"చేని గట్టుదని చెప్పినావంట? అది కొండ మానే. మా మామ బండి కట్టుకుని పోయి తెచ్చినాడు. అప్పటికి కొండ చుట్టూ ఈ సర్కారు హద్దురాళ్ళు యాడుండాయి? కొండ అందరిదీ."

"నాకు తెలీదా అత్తా! ఆ మాట చెప్తే ఇంటాడా వాడు? రాళ్ళకు ముందర తెచ్చినామని సాక్షి యాడ తెచ్చేది? ఆ కాలం మనుషులంతా మట్టిలో ఉండారు."

కొయ్యను వేలాడదీస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కొండ వైపు తిరుగుతుంది. తిరిగితే కొయ్య పోతుంది, మగ్గం పోతుంది. జమ్మలమడుగులో ఉన్న తమ్ముడు వెంకటప్ప అప్పటికే కబురు పంపాడు. మగ్గం లేకపోతే నీకు ఆడ ఏం పనక్కా, బండి తెస్తాను, మా ఇంట్లో ఉందువు రా అని. మీ అత్తను కూడా తీసుకురా అని మాత్రం అనలేదు. ఆ కబురు గురమ్మ కూడా విన్నది. ఆ నాటి నుంచి కోడలు సంచి ముట్టుకున్నా, చీర మడతపెట్టినా ముసలామె కండ్లు అటే పోయేవి.

రేంజరు ఊరికి పడమరగా ఉన్న చింతతోపులో దిగాడు. అక్కడ నిలబడితే కొండ ఉత్తరాన కనిపిస్తుంది, రామేశ్వరమ్మ చేను దక్షిణాన, ఊరు తూర్పున. కొయ్య తగాదాలు సర్కారు రాకముందు నుంచీ ఒకే తీరుగా తీరేవి. కొయ్య నడుముకు తాడు కట్టి కొమ్మకు వేలాడదీస్తారు. దాని మొదలు ఎటు తిరిగి ఆగితే ఆ చోటి మాను అది. సర్కారు కూడా ఆ పద్ధతినే ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు? అందరూ వాడే కొయ్యంతా కొండదే గదా.

రామేశ్వరమ్మ వెంట మిషను బడి పంతులు గాబ్రియేలు వచ్చాడు. పాలెంలో ఉంటాడు, ఆమె నేసిన పంచెలే కడతాడు. ఇంగ్లీషు తెలిసినవాడు ఒకడు పక్కన ఉంటే మేలని ఆమే పిలుచుకుంది.

రేంజరు పెద్ద టేకు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గంజి మరకలు పోని చొక్కాతో ఆదెన్న నిలబడ్డాడు.

గాబ్రియేలు చేతులు కట్టుకుని, "సామీ, ఒక మాట. పాదిరిదొర బంగళాలో పెద్ద నిఘంటువు ఉండాది. టింబరు అనే మాట దాంట్లో చూసినాను. వందల ఏండ్ల కిందట ఇంగ్లీషోళ్ళు ఆ మాటను ఇంటికి వాడినారు. టింబరంటే ఇల్లు. తర్వాత ఇల్లు కట్టే కొయ్యకు ఆ పేరొచ్చింది. ఆ పైన అడివిలో నిలబడిన మానుకొచ్చింది. మొదట మాత్రం ఇల్లే సామీ" అన్నాడు.

రేంజరు నవ్వాడు. "వాళ్ళ ముత్తాతలు ఏమనుకున్నారో నాకెందుకయ్యా పంతులూ? ఇప్పుడు సర్కారు ఏమంటే అదే అర్థం."

"అంటే నా ఇల్లు గూడా మీదే అంటారా సామీ?" రామేశ్వరమ్మ గొంతు లేచింది. "వాసాలున్నాయి, దూలముంది. రండి, అవి గూడా పీక్కోండి! మా అత్త కింద మంచముంది, ఆమెను దించి ఎత్తుకుపోండి!"

"గమ్మునుండు మే!" ఆదెన్న కసిరాడు.

"నువ్వు గమ్మునుండు! సామీ, ఒక్కటి అడుగుతాండా. మీ కుర్చీకి ఆ గొలుసెందుకు?"

అందరూ అటు చూశారు. రేంజరు కుర్చీ కాలుకు ఇనుప గొలుసు, గొలుసుకు నేలలో దిగ్గొట్టిన మేకు. గొలుసు ఉత్తరానికి బిర్రుగా లాగి ఉంది. రేంజరు పంచె సర్దుకుని గొలుసు మీదికి జార్చాడు. ముఖం కందగడ్డయింది.

"ఎత్తండి ఆ కొయ్యను" అన్నాడు.

కొయ్యను కొమ్మకు వేలాడదీశారు. రామేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొయ్య రొంతసేపు ఊగింది. తర్వాత మెల్లగా మొదలు కొసను తిప్పసాగింది. దక్షిణాన చేను వైపు ఒక్క క్షణం కూడా నిలబడలేదు. పడమర మీదుగా ఉత్తరానికి తిరిగింది. గుర్రాలకొండ ఎదురుగా వచ్చి ఆగింది.

"చూసినారా సామీ!" ఆదెన్న చప్పట్లు కొట్టాడు. "కొండదే! చేని గట్టుదంట, చేని గట్టుది!"

రామేశ్వరమ్మ కండ్లు మూసుకుంది. తమ్ముడి ఇంటి వంటగది కనిపించింది. ఆ పొగలో మరదలు చెప్పిన పనల్లా చేస్తూ తాను. ఈ ఇంట్లో ముసలామె ఒక్కతే, మంచం తిప్పేవాళ్ళు లేక కొండకేసి తల పెట్టుకుని.

"అక్కా" అన్నాడు గాబ్రియేలు. "అక్కా, కండ్లు తెరువు."

కొయ్య ఆగలేదు. ఎవరో పిలిస్తే మర్యాదకు నిలబడినట్టు కొండ ముందర నిలబడిందంతే. మళ్ళీ కదిలింది. కొండను దాటింది. ఆదెన్న చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. మొదలు తూర్పుకు తిరిగి, ఊరి వైపు చూపిస్తూ ఆగింది. ఆదెన్న పోయి చేత్తో పట్టి కొండకేసి తిప్పాడు. వదలగానే మళ్ళీ తూర్పుకే వచ్చింది. ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి వచ్చింది. అది చూపించిన వైపు కన్ను పెట్టి చూస్తే సాలెవీధి, వీధి కొసన గురమ్మ ఇల్లు. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న మగ్గం గుంత.

రేంజరు కొయ్యను చూశాడు, పంతులును చూశాడు, తన కుర్చీ గొలుసును మాత్రం చూడలేదు.

"ఎక్కడ చూపిస్తే అక్కడిది" అన్నాడు చివరికి. "అదే పద్ధతి. విప్పి ఇచ్చేయండి."

"నా పడుగు కోసినాడు సామీ, దానికెవరు జవాబుదారీ?" రామేశ్వరమ్మ వదల్లేదు. రేంజరు ఇంకో తగాదావాళ్ళను పిలవమన్నాడు. ఆమె ఆదెన్న కాళ్ళ ముందర తుపుక్కున ఉమ్మి, కొయ్య ఒక కొస భుజానికెత్తుకుంది. రెండో కొస పంతులు పట్టుకున్నాడు. దారి పొడుగునా తిట్టుకుంటానే నడిచింది.

ఇంట్లో గుంజల మధ్య కొయ్యను పెట్టి, అలవాటు కొద్దీ తాళ్ళు చేతిలోకి తీసుకుంది. ఒక చుట్టు వేసి ఆగిపోయింది. తాడు వదిలేసి చూసింది. కొయ్య కదల్లేదు.

అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. "ఒసే ముదనష్టపుదానా! ఇన్నేండ్లు కట్టేసి పెట్టినా గదే! పారిపోతావని పొద్దున పొద్దున బిగించినా గదే! ఒక్కసారన్నా చెప్పకూడదా?" అని కొయ్యను అరచేత్తో కొట్టి, దాని మీదనే తల పెట్టుకుని ఏడ్చింది. గురమ్మ గడప దగ్గర నిలబడి చూస్తా ఉంది.

రెండో నాడు వెంకటప్ప బండి తోలుకుని వచ్చాడు. కొయ్య తిరిగొచ్చిన సంగతి అతనికి తెలియదు. రామేశ్వరమ్మ గుంతలో కూర్చుని తెగిన పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతా ఉంది.

"పదక్కా, ఎండ ఎక్కకముందే పోదాం. ఇంగా ఈ ముసలామె కాడ కట్టేసినట్టు ఎందుకుండావు?"

అరుగు మీద గురమ్మ బియ్యం చెరుగుతా ఉంది. ఆ మాటకు చేతిలోని చేట ఆగిపోయింది.

రామేశ్వరమ్మ తల ఎత్తకుండానే అంది. "ఎవరు కట్టేసినారబ్బీ నన్ను? చూడు, తాడుండాదా యాడన్నా?"

వెంకటప్ప వంగి చూశాడు. కొయ్యకు తాళ్ళు లేవు. చక్కగా అక్క పొట్టకు ఆనుకుని ఉంది. అతను మజ్జిగ తాగి, బండి చక్రం కింద రాయి తీసేసి ఒక్కడే పోయాడు.

బండి చప్పుడు దూరమయ్యాక గురమ్మ లోపలికి వచ్చింది. మూలన పడి ఉన్న తాళ్ళు ఏరుకుంది.

"ఇవి ఇంగ నీకు అక్కరలేదు గదా మే?"

"అక్కరలేదత్తా."

ముసలామె వాటిని తీసుకుపోయి బావి చేదకు కట్టుకుంది.